ఖాదర్ సౌండ్స్ వారి గొంతు

ఫిబ్రవరి 3, సోమవారం

తిరువూరు వచ్చి ఇవాళ్టికి పదకొండో రోజు. పది రోజులే ఉంటానని వచ్చాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, చుక్కల మందు వెయ్యడానికి మనిషి కావాలి. అందుకే ఉన్నాను. మందు రోజుకి నాలుగుసార్లు, ఒక్కోసారికి అర నిమిషం. అంటే రెండు నిమిషాల పని కోసం హైదరాబాద్‌లో నా నటజీవితం మొత్తం ఆపుకుని ఇక్కడ కూర్చున్నాను. ఎంత త్యాగమో!

ఆ జీవితం అక్టోబరులోనే ఆగిపోయిందన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. డైరీకి చెప్పినా ఫరవాలేదు. ఇది పక్కింటికి వెళ్ళి చెప్పదు.

ఫిబ్రవరి 4

రుచిత ఫోన్ చేసింది. సినిమాలకి నటుల్ని వెతికిపెట్టే పిల్ల, మంచిదే పాపం.

"సార్, మంచి క్యారెక్టర్. హీరో ఉండే హాస్టల్ ఓనరు. కొంచెం ఆ టైపు."

"ఏ టైపమ్మా?"

"అదే సార్, మీ టైపే. కానీ కామెడీగా."

"చొక్కా ఏం రంగు?"

"గులాబీ సార్," అంది.

రెండేళ్ళ క్రితం ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. యాంకరమ్మాయి అందర్నీ అడిగినట్టే "పెళ్ళెప్పుడండీ?" అని అడిగింది. "నాకు మగవాళ్ళంటే ఇష్టమండీ. పెళ్ళంటారా, గవర్నమెంటు ఒప్పుకున్నాక తప్పకుండా పిలుస్తాను" అన్నాను. అంతే. అప్పటిదాకా నేను ఎస్సైని, లాయర్ని, విలన్ తమ్ముణ్ణి. ఒక సినిమాలో ముగ్గురు పిల్లల తండ్రిని కూడా. ఎవరికీ అనుమానం రాలేదు. దాన్నే నటన అంటారని అనుకునేవాణ్ణి. ఆ తర్వాత వచ్చినవన్నీ గులాబీ చొక్కాలే. బ్యూటీ పార్లరు, డ్రెస్ డిజైనరు, మళ్ళీ బ్యూటీ పార్లరు. చివర్లో హీరో చెంప పగలగొడతాడు, హాల్లో జనం ఈల వేస్తారు. మొదటి మూడూ చేశాను. ఏ హీరో చెయ్యి ఎంత బరువో ఇప్పుడు నన్ను అడిగితే చెప్తాను.

రాయడం మాత్రం ఆగలేదు. ఒక సీరియల్‌కి డైలాగులు నావే, టైటిల్స్‌లో పేరు వేరే ఆయనది. ఫ్యామిలీలు చూసే సీరియల్ కదండీ, అన్నాడు ప్రొడ్యూసరు. అత్తాకోడళ్ళ గొడవలు నా అంత బాగా ఎవరూ రాయలేరని కూడా ఆయనే అన్నాడు. అక్టోబరులో ఆ కోడలు కూడా నన్ను వదిలేసింది.

రుచితకి ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముందో మరి.

ఫిబ్రవరి 6

పొద్దున్నే ఆటో వెళ్ళింది. "ఖాదర్ సౌండ్స్. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, సభలకు, సమావేశాలకు మైక్‌సెట్, షామియానా, జనరేటర్ అద్దెకు ఇవ్వబడును." గొంతు నాది కాదు. ఫోన్లోంచి తీసిన యంత్రం గొంతు. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ఆవిడలా, పెళ్ళి మాట కూడా ఏడుపు లేకుండా నవ్వు లేకుండా చెప్తుంది.

షాపు మా నాన్నది. పదమూడో ఏట నుంచి ఆటోలో వినపడే గొంతు నాది. ఈ ఊళ్ళో ఎవరి పెళ్ళైనా, ఎవరి దినమైనా, బట్టల కొట్టు ఓపెనింగైనా, పత్తి రైతుల మీటింగైనా, ఆటో మీద ఊరంతా తిరిగి పిలిచింది నేనే. నేను హైదరాబాద్ వెళ్ళాక కూడా ఫోన్లో రికార్డు చేసి పంపేవాణ్ణి. ఇంటర్వ్యూ వచ్చిన వారానికి నాన్న తీసేశాడు. ఒక్క మాట అనలేదు. అరవలేదు, కొట్టలేదు, ఇంటికి రావద్దని అనలేదు. ఆ వీడియో గురించి ఇప్పటివరకు అన్నది ఒకటే: "సౌండ్ బాలేదురా. కాలర్ మైకు సరిగ్గా పెట్టలేదు వాళ్ళు."

నాకేం బాధ లేదు. ఆటో గొంతు కోసం ఎవరైనా బాధపడతారా?

ఫిబ్రవరి 8, శనివారం

ఇంటికి పెద్దమనుషులు వచ్చారు. దశరథరామయ్య మాస్టారు, హైస్కూల్లో నాకు తెలుగు చెప్పి, నాటకాలు నేర్పిన మనిషి. ఆయన వెనకే సురేష్ బాబు. నా క్లాసే, ఇప్పుడు పురుగుమందుల కొట్టు ఓనరు, పూర్వ విద్యార్థుల సంఘం సెక్రటరీ. ఇరవై రెండో తారీఖున స్కూల్ గ్రౌండులో సంఘం వార్షికోత్సవం. నాకు సన్మానం.

"మనూరి బిడ్డవి. సినిమాల్లో వేశావు. చెయ్యకపోతే బాగుండదయ్యా," అన్నారు మాస్టారు.

"ఒక ఐటెం కూడా ఉండాలి మరి," అన్నాడు సురేష్ బాబు. "మాస్టారి నాటికలో కోడలు పార్వతి వేశావు చూడు టెన్త్‌లో! అదే. చీర, సవరం, గాజులు. జనం ఇప్పటికీ చెప్పుకుంటారు."

నిజమే, చెప్పుకుంటారు. పరిషత్తు పోటీల్లో నాకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఎమ్మార్వో గారు కప్పు ఇస్తూ "అచ్చం ఆడపిల్లేనండీ!" అని మురిసిపోయారు. ఊరంతా చప్పట్లు. చీర కట్టినప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ప్యాంటూ చొక్కా వేసుకుని నిజం చెప్పినప్పుడే వచ్చింది.

"నేను రాసిన ఏకపాత్ర ఒకటుంది మాస్టారూ, పది నిమిషాలే," అన్నాను. హైదరాబాద్‌లో పద్నాలుగుసార్లు ఆడాను. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ మైకులో పిలిచే కుర్రాడు, ఒకరోజు తన పెళ్ళికి తానే పిలవడం కథ.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కథ బాగానే ఉంది. అమ్మాయి ఎవరు?"

"అమ్మాయి లేదండి."

సురేష్ బాబు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఒరేయ్, ఆడవాళ్ళు వస్తారు, పిల్లలు వస్తారు. నీ ఇష్టం నీది, కాదనట్లేదు. స్టేజి మీద మాత్రం ఆ మాట వద్దు. పార్వతి వేసుకో చాలు."

నాన్న గుమ్మంలో కూర్చుని వైరుకి టేపు చుడుతున్నాడు. తలెత్తలేదు. మైక్‌సెట్ మాత్రం ఎప్పట్లాగే మా నాన్నదేనట.

ఫిబ్రవరి 9

పార్వతికి ఒప్పుకున్నాను. భయపడి కాదు. పాత పాత్ర, కష్టం ఉండదు.

ఫిబ్రవరి 11

అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పాత హీరోయిన్లా మంచం మీద కూర్చుని అడిగింది. "నీ సొంతది ఎందుకు వెయ్యట్లేదురా?"

"నాన్న మైకు దగ్గర ఉంటాడుగా అమ్మా."

"ఉంటే?"

ఉంటే ఏమిటో అమ్మకి తెలియదా! మా ఇంట్లో అది నలభై ఏళ్ళ రహస్యం, అంటే ఊరందరికీ తెలిసిన రహస్యం. సభ పెట్టిన పెద్దమనిషి ముందు వరసలో కూర్చుంటాడు. స్టేజి మీద ఎవడైనా తాగి మాట్లాడినా, కులం ఎత్తినా, ఎదుటి పార్టీని తిట్టినా, ఆయన కుడి చెవి పట్టుకుంటాడు. నాన్న చూస్తాడు. మైకు కుయ్యిమని కూస్తుంది, ఆపైన ఆగిపోతుంది. "లూజ్ కనెక్షనండీ, రెండు నిమిషాలు," అని నాన్న చేతులు జోడిస్తాడు. ఈలోపు మాట్లాడేవాణ్ణి కిందికి దించేస్తారు. ఎవరి పరువూ పోదు. "నా చేతిమీద తిరువూర్లో ఒక్క సభ కూడా గొడవవ్వలేదు," అని నాన్న చెప్పుకునే గొప్ప ఇదొక్కటే. ఒకసారి ఎ.కొండూరులో పెళ్ళికొడుకు మేనమామ మైకు లాక్కుని కట్నం లెక్క చెప్పబోతే, నాన్న ఆయన నోట్లోంచి మాట బయటికి రాకముందే ఆపేశాడు. ఆ పెళ్ళి నిలబడింది నాన్న వల్లనే.

అదీ సంగతి. నేను నా మాట చెప్తాను, మాస్టారు చెవి పట్టుకుంటారు, నాన్న నన్ను ఆపేస్తాడు. ఊరు ఆపితే పడతాను, సినిమావాళ్ళు ఆపితే అలవాటే. నాన్న వేలితో ఆగిపోవడం మాత్రం చూడలేను.

అయినా నాన్న విన్నా వినకపోయినా నాకొకటే.

ఫిబ్రవరి 14

ఇవాళ ప్రేమికుల రోజట. అమ్మకి చుక్కల మందు వేశాను. నాలుగుసార్లు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బోసు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. 'ప్రముఖ సినీ నటులు షానవాజ్ గారికి ఘన సన్మానం.' కమిటీ వాళ్ళు పదకొండు మంది, ఒక్కొక్కరిదీ తలుపంత ఫొటో. నాది కింద మూల, పాసుపోర్టు సైజు. అదీ ఇప్పటిది కాదు, టెన్త్‌లో చీర కట్టినప్పటిది. అంటే ముప్పై అయిదేళ్ళ మగవాణ్ణి సన్మానించడానికి పదిహేనేళ్ళ పార్వతి బొమ్మ వేశారు.

రిహార్సల్ తర్వాత సురేష్ బాబు భుజం మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేసి, ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేను చూశానని వాడు అనుకోలేదు.

"ఎక్స్‌ట్రాలేం చెయ్యవు కదా?"

"చెయ్యను."

"చేసినా మాకేం భయం లేదులే. మైకు దగ్గర ఉండేది మీ నాన్నే," అని నవ్వాడు.

ఫిబ్రవరి 19

మామిడి పూత వాసన రెడ్డిగూడెం వైపు నుంచి ఇక్కడిదాకా వస్తోంది. డాబా మీద నాన్న హారన్లు తుడుస్తున్నాడు. చెప్పేద్దామని వెళ్ళాను. నాన్నా, నేను నా సొంతది వేస్తాను, నువ్వు ఆపకు, అని. రెండు మాటలు. హైదరాబాద్‌లో రెండు వందల మంది ముందు చెప్పినవాణ్ణి, లక్షలమంది చూసే వీడియోలో చెప్పినవాణ్ణి. ఈ పాత హారన్ల మధ్య ఆ రెండు మాటలు కూడా పూర్తి చెయ్యలేకపోయాను.

"నాన్నా."

"ఊఁ."

"శనివారం..."

"మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకో. నువ్వు మరీ దగ్గర పెట్టి మాట్లాడతావు. బస్‌బస్‌మంటుంది," అన్నాడు.

సరే నాన్నా అని దిగి వచ్చేశాను. గొప్ప ధైర్యవంతుణ్ణని ఒక పేపరు రాసింది నా గురించి. ఆ కటింగ్ ఇంకా దాచుకున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

సాయంత్రం ఆరింటికి. పార్వతే వేస్తున్నాను. ఎక్స్‌ట్రాలు లేవు.

నాన్న విన్నా వినకపోయినా నాకొకటే.

ఫిబ్రవరి 23, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే నేనే రేపటికి మార్చి చెప్పుకుంటాను.

గ్రౌండు నిండింది. ముందు వరసలో మధ్య కుర్చీ మాస్టారిది, పక్కన సురేష్ బాబు, ఆడవాళ్ళ వైపు మొదటి కుర్చీలో నల్లద్దాలతో అమ్మ. స్టేజికి ఎడమ పక్క, వెలుగు పడని చోట, బల్ల మీద మిక్సర్. దాని వెనక నాన్న. తలకి రుమాలు కట్టుకుని, ఎప్పుడూ కూర్చునేట్టే.

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, పదకొండు మందీ నాతో ఫొటో దిగారు. నేను మాట్లాడబోతే "ముందు ఐటెం, ముందు ఐటెం" అన్నారు. చీర కట్టి వచ్చాను. ఈలలు. పార్వతి అత్తగారి ముందు కుండ పగలగొట్టే సీను. ఇరవై ఏళ్ళైనా ఒక్క మాట మర్చిపోలేదు. మాస్టారు తనే రాసిన డైలాగులు పెదవులతో చెప్పుకుంటున్నారు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. అయిపోయింది. చప్పట్లు. దండం పెట్టి లోపలికి వెళ్ళిపోవాలి.

వెళ్ళలేదు. సవరం పీకేశాను. గాజులు తీసి స్టాండు పక్కన పెట్టాను. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకున్నాను.

"తిరువూరు పురప్రజలకు, పరిసర గ్రామాల ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి."

జనం నవ్వారు. ఆ గొంతు వాళ్ళకి తెలుసు. వెనక ఎవరో "ఆటో వచ్చిందిరోయ్!" అని అరిచారు.

"మన ఊరి మైక్‌సెట్ ఖాదర్‌బాషా, హుస్సేన్‌బీ దంపతుల కుమారుడు చిరంజీవి షానవాజ్ వివాహ మహోత్సవం..."

హైదరాబాద్‌లో ఆడినప్పుడు ఇందులో పేర్లు వేరు. ఊరి పేరు కూడా వేరు. నిన్న నోట్లోంచి ఇవే వచ్చాయి. ముందే అనుకుని చేశానేమో కూడా, నాకు తెలియదు.

"...వివాహం జరుగునా జరగదా అన్నది గవర్నమెంటు వారు నిర్ణయించవలసి ఉన్నది. వరుడు షానవాజ్. వధువు లేదు. ఉండదు. రెండో వైపు కూడా వరుడే."

నవ్వు ఆగిపోయింది. మాస్టారు కుడి చెవి పట్టుకున్నారు.

నేను మైకు చూస్తూ నిలబడ్డాను. కూత కోసం. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. రాలేదు. మాట్లాడాను. మాస్టారు మళ్ళీ పట్టుకున్నారు, ఈసారి గట్టిగా, మెలితిప్పి. సురేష్ బాబు లేచి నిలబడి తన చెవి కూడా పట్టుకున్నాడు. ఇద్దరు పెద్దమనుషులు హెడ్మాస్టరు గది ముందు నిలబెట్టిన పిల్లల్లా చెవులు పట్టుకుని మా నాన్న వైపు చూస్తున్నారు. అప్పుడు నేనూ చూశాను. నాన్న వాళ్ళవైపే చూస్తున్నాడు. సూటిగా, కళ్ళు ఆర్పకుండా. చెయ్యి మిక్సర్ మీదే ఉంది. కదల్లేదు.

మిగతాది చెప్పేశాను. "ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళు ఎవరి పెళ్ళికైనా నా గొంతే పిలిచింది. మీరందరూ నేను పిలిస్తే వెళ్ళి తిన్నవాళ్ళే. నా పెళ్ళికి మీరు రాకపోయినా ఫరవాలేదు. పిలవలేదని మాత్రం అనకండి."

అక్కడక్కడ చప్పట్లు. ఎక్కువేం కాదు. రెండు వరసలు లేచి వెళ్ళిపోయాయి. ఎవడో బూతు కూశాడు. వెనక బెంచీల నుంచి ఒకావిడ "మా పెళ్ళికి పిలిచింది ఈ అబ్బాయే!" అని పక్కావిడకి చెప్పడం వినిపించింది. అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నల్లద్దాలతో, నేనున్న వైపు కాకుండా కొంచెం పక్కకి తిరిగి.

సామాను ఆటోలో ఎక్కించేటప్పుడు నాన్న పక్కన నిలబడ్డాను. నలిగిన చీరలోనే ఉన్నాను.

"సౌండ్ ఎలా ఉంది నాన్నా?"

"బాగానే ఉంది. చివర్లో గొంతు వణికింది. నేనే కొంచెం సర్దాను," అన్నాడు. వైరు చుట్టడం ఆపలేదు.

ఇంటికొచ్చి బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. రాసిపెడుతున్నాను, రేపు కాదనకుండా.

ఫిబ్రవరి 24

మాస్టారు ఒక్కరే వచ్చారు. నా వైపు చూడలేదు. సరాసరి నాన్న దగ్గరికి వెళ్ళారు.

"చెవి పట్టుకున్నానయ్యా ఖాదర్‌బాషా. చూళ్ళేదా?"

"చూశానండి."

"మరి?"

"దురద పెట్టిందేమో అనుకున్నానండి."

"రెండుసార్లు పట్టుకున్నాను!"

"అంత దురదంటే అశ్రద్ధ చెయ్యకూడదు మాస్టారూ. మా ఆవిడ కంటి మందు తెచ్చిన చోటే చెవి మందు కూడా ఉంటుంది. తెప్పించమంటారా?"

నాన్న మొహంలో నవ్వు లేదు. నేనెన్నో ఏళ్ళు నటన నేర్చుకున్నాను, అలా మొహం పెట్టడం నావల్ల కాదు. మాస్టారు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నన్ను కాదు, గోడని చూస్తూ అన్నారు. "కుండ పగలగొట్టే సీను బాగా చేశాడు." రెండోదాని గురించి ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 26

సురేష్ బాబు ఫోన్. సంఘం మీటింగులకి ఇకమీదట విస్సన్నపేట మైక్‌సెట్ మాట్లాడుకున్నారట. నీవల్లే మీ నాన్న నోటి దగ్గర కూడు పోయింది, అన్నాడు. ఇంకో రెండు పెళ్ళిళ్ళ వాళ్ళు కూడా వద్దన్నారు. అమ్మ చెప్పింది. నాన్న చెప్పలేదు.

నావల్లే. ఈసారి వెటకారం చెయ్యడానికి నాకేం దొరకట్లేదు.

ఫిబ్రవరి 27

రుచితకి ఫోన్ చేసి వద్దన్నాను.

"పోనీ నీలం చొక్కా అడగనా సార్?" అంది.

"చెంపదెబ్బ ఉంటుందా?"

"అది ఉంటుంది సార్."

ఫిబ్రవరి 28, శుక్రవారం

నమాజు నుంచి వచ్చి, నాన్న షాపులోకి పిలిచాడు. బల్ల మీద మైకు పెట్టి ఉంది. ముందు ఒక కాగితం. నాన్న చేతిరాత, ఎప్పుడూ ఉండే మాటలే. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, సభలకు, సమావేశాలకు.

"ఆ మిషను గొంతు బాలేదు. కస్టమర్లు నిద్రపోతున్నారు," అన్నాడు. "చదువు."

చదివాను. కాగితం అయిపోయింది. ఆపబోతుంటే నాన్న చెయ్యెత్తి, ఆగమన్నాడు.

"పేరు చెప్పు."

"చెప్పానుగా, ఖాదర్ సౌండ్స్."

"షాపు పేరు కాదురా. నీ పేరు. చెప్పేది ఎవరో జనానికి తెలియాలిగా."

"తెలిస్తే ఉన్న ఆర్డర్లు కూడా పోతాయి నాన్నా."

"పోయేవి పోయినయ్యి. ఇక వచ్చేవాళ్ళు తెలిసే వస్తారు," అన్నాడు. మిక్సర్ మీదకి వంగి ఏదో సర్దుతున్నట్టు చేశాడు. సర్దడానికి అక్కడేమీ లేదు. "నాలుగు వేళ్ళు," అన్నాడు తలెత్తకుండా.

మూడు టేకులు. ఆయనకి రెండోది నచ్చింది. డైరెక్టర్లందరూ ఒకటే, మూడోది చేయించి రెండోది ఉంచుకుంటారు.

మార్చి 1, శనివారం

అమ్మ కన్ను బాగైపోయింది, మందు ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పాడు. ఇంకో పది రోజులు ఉంటాను.

పది గంటలకి ఆటో వెళ్ళింది. ఇంటి దగ్గర మామూలుగా, సందు చివర కొంచెం తక్కువగా, బోసు సెంటరు నుంచి గాలికి తేలి మళ్ళీ గట్టిగా. "చెప్పినవారు, ఖాదర్‌బాషా గారబ్బాయి షానవాజ్."

గుమ్మంలో నిలబడి విన్నాను. సౌండ్ బాగుంది.